వియత్నాం పొడవునా మోటార్‌బైక్ మీద: లైసెన్సు నుంచి బండి అమ్మేదాకా

వియత్నాం మ్యాపు చూడగానే బైక్ పిచ్చి ఉన్నవాళ్లకు ఒకటే ఆలోచన వస్తుంది. పై కొస నుంచి కింది కొస దాకా ఒకే బండి మీద వెళ్లాలి! నేరుగా కొలిస్తే ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 1,650 కిలోమీటర్లు. మధ్యలో పాత క్వాంగ్ బిన్ ప్రాంతం దగ్గర దేశం నడుము దాదాపు 50 కిలోమీటర్లకు సన్నబడుతుంది. అక్కడ పొద్దున సముద్రం చూసి, మధ్యాహ్నానికి లావోస్ సరిహద్దు కొండల్లో ఉండొచ్చు. మలుపులు, పక్కదార్లు కలుపుకుంటే మీటర్ మాత్రం 3,000 దాటుతుంది. నాలుగు వారాలుంటే హాయిగా సాగుతుంది. మూడు వారాల్లో అవుతుంది గానీ, వాన పడ్డా, ఒంట్లో బాగాలేకపోయినా ఆగడానికి వీలుండదు. రెండు వారాలే ఉంటే సగం దేశాన్ని ఎంచుకోండి, ఆ సగాన్నే తృప్తిగా చూడండి.

ఈ ప్రయాణం బాగా సాగుతుందా, బెడిసికొడుతుందా అన్నది చాలావరకు బయల్దేరకముందే తేలిపోతుంది. లైసెన్సు, నెల, బండి, దారి. ఈ నాలుగూ సరిగ్గా కుదిరితే మిగతావి రోడ్డు మీద సర్దుకుంటాయి. అందుకే వాటి గురించే ఎక్కువ చెబుతాను.

అడుగు 1: ముందు లైసెన్సు సంగతి తేల్చుకోండి

చాలామంది ఏ బండి కొనాలి అన్న దగ్గర మొదలుపెడతారు. మీరు లైసెన్సు దగ్గర మొదలుపెట్టండి. రోడ్డు రవాణాపై 1968లో కుదిరిన వియన్నా ఒప్పందంలో వియత్నాం 2014లో చేరింది. ఆ ఒప్పందం ప్రకారం ఇచ్చిన ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌నే అక్కడ గుర్తిస్తారు. 1949 నాటి జెనీవా ఒప్పందం కింద ఇచ్చే పర్మిట్ చూడటానికి దాదాపు అలాగే ఉంటుంది గానీ, అక్కడ చెల్లదు. భారత్, అమెరికా, ఆస్ట్రేలియాలు ఇచ్చేది ఈ 1949 రకమే. మీ పర్మిట్ అట్ట మీద ఏ సంవత్సరం ఒప్పందం అని రాసుందో ఒకసారి చూడండి. 1968 అని ఉంటే, లోపల మోటార్‌సైకిల్ విభాగానికి ముద్ర పడిందో లేదో కూడా చూసుకోండి. కారు ముద్ర ఒక్కటే ఉంటే బైక్‌కు పనికిరాదు. పర్మిట్‌తోపాటు అసలు లైసెన్సు కార్డు కూడా జేబులో ఉండాలి.

"అందరూ అలాగే తిరుగుతున్నారు, ఏమీ కాదు" అని హాస్టల్‌లో కనీసం ఒక్కరైనా చెబుతారు. నిజమే, చాలామంది అలాగే తిరుగుతున్నారు. కానీ 2025 జనవరి 1 నుంచి జరిమానాలు బాగా పెరిగాయి. చెల్లే లైసెన్సు లేకుండా 125 సీసీ లోపు బండి నడిపితే 20 లక్షల నుంచి 40 లక్షల డాంగ్‌లు (డాంగ్ అక్కడి కరెన్సీ), అంతకు మించిన బండైతే 60 లక్షల నుంచి 80 లక్షలు. ఉత్తరాన హా జాంగ్ వైపు విదేశీయులను ఆపి కాగితాలు చూడటం మామూలే. నన్ను ఎక్కువ భయపెట్టేది జరిమానా కాదు, ఇన్సూరెన్స్. చెల్లే లైసెన్సు లేకుండా బండి నడుపుతూ కాలు విరిగితే ట్రావెల్ ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేస్తుంది. ఆపరేషన్ ఖర్చు, విమానంలో ఇంటికి చేర్చే ఖర్చు మొత్తం మీ కుటుంబం మీద పడతాయి.

మరి 1968 పర్మిట్ దొరకనివాళ్లు ఏం చేయాలి? చట్టబద్ధమైన దార్లు రెండున్నాయి. ఇంజిన్ 50 సీసీ దాటని బండికి, మోటారు 4 కిలోవాట్లు దాటని ఎలక్ట్రిక్ బండికి అక్కడ లైసెన్సు అక్కర్లేదు. వీటికి వేగపరిమితి 40 కిలోమీటర్లు. కొండల్లో నెమ్మదిగా ఎక్కుతాయి, వారం పది రోజులు అదనంగా పడుతుంది, అయినా దేశం దాటిస్తాయి. ఇన్సూరెన్స్ పాలసీ ఇలాంటి బండిని ఒప్పుకుంటుందో లేదో మాత్రం ముందే రాతపూర్వకంగా అడగండి. రెండో దారి, స్థానిక రైడర్ వెనక కూర్చుని వెళ్లడం. అక్కడ వీళ్లను ఈజీ రైడర్లు అంటారు. హ్యాండిల్ మీ చేతిలో ఉండదన్నమాటే గానీ, దారిలో ఎక్కడ ఏముందో తెలిసిన మనిషి ముందుంటాడు, మీ కళ్లు రోడ్డు మీద కాకుండా లోయ మీద ఉంటాయి. బండి బాగా రానివాళ్లకు, కనీసం హా జాంగ్ కొండల వరకైనా నేను ఇదే చెబుతాను.

అడుగు 2: నెల ఎంచుకోండి

దేశం పొడుగ్గా ఉండటంతో ఒకే నెలలో మూడు వాతావరణాలు ఎదురవుతాయి. ఉత్తరాన వానలు మే నుంచి సెప్టెంబర్ దాకా. దక్షిణాన మే నుంచి అక్టోబర్, నవంబర్ దాకా. మధ్య తీరంలో, అంటే హ్యూ, డా నాంగ్, హోయి ఆన్ వైపు, వానలు సెప్టెంబర్‌లో మొదలై డిసెంబర్ దాకా పోవు. అక్టోబర్, నవంబర్‌లలో అక్కడ వరదలు వస్తాయి, కొండదార్లలో మట్టిచరియలు విరిగిపడతాయి. 2024 సెప్టెంబర్‌లో యాగి తుపాను ఉత్తరాది కొండల్ని ఎలా కోసేసిందో చూసినవాళ్లు ఈ నెలల్ని తేలిగ్గా తీసుకోరు.

మొత్తం దేశానికి కలిపి చూస్తే మార్చి, ఏప్రిల్ నెలలు మంచివి. ఉత్తరాన చలి తగ్గుతుంది, మధ్యలో వాన ఉండదు, దక్షిణాన ఎండ ఎక్కువే గానీ రోడ్లు పొడిగా ఉంటాయి. డిసెంబర్, జనవరిలో వెళ్తే హా జాంగ్‌లో చేతివేళ్లు బిగుసుకుపోయేంత చలి, పొగమంచు ఉంటాయి. అక్కడి కొత్త సంవత్సర పండుగ టెట్ జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది. ఆ వారం రిపేరు షాపులు, హోటళ్లు చాలావరకు మూసేస్తారు, పట్నాల్లో ఉండేవాళ్లంతా బళ్ల మీద సొంతూళ్లకు కదులుతారు. ఆ వారం ఎక్కడైనా ఒకచోట ఆగిపోయి పండుగ చూడండి.

అడుగు 3: వీసా, డబ్బు, ఫోను

2023 ఆగస్టు 15 నుంచి అన్ని దేశాలవాళ్లకూ 90 రోజుల ఈ-వీసా ఇస్తున్నారు. ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, ఎన్నిసార్లయినా వెళ్లివచ్చేదానికి 50 డాలర్లు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే దరఖాస్తు చేయండి, మధ్యవర్తుల సైట్లు అచ్చం అలాగే కనిపిస్తాయి.

నోట్ల విషయంలో ఒక్క జాగ్రత్త. 20,000 డాంగ్‌ల నోటు, 5,00,000 డాంగ్‌ల నోటు రెండూ నీలమే. చీకట్లో పెట్రోలు బంకు దగ్గర తొందర్లో ఒకదాని బదులు ఇంకోటి ఇచ్చేయడం చాలా తేలిక. రెండిటినీ వేర్వేరు జేబుల్లో పెట్టుకోండి. కొండ ఊళ్లలో కార్డులు నడవవు, ఏటీఎం కనిపించినచోట తీసి పెట్టుకోండి.

సిమ్‌కు వియెట్టెల్ తీసుకుంటే కొండల్లో కూడా సిగ్నల్ మెరుగ్గా ఉంటుంది. నెట్ లేకుండా పనిచేసే మ్యాపు ఒకటి తప్పకుండా డౌన్‌లోడ్ చేసుకోండి. గూగుల్ మ్యాప్స్ వాడేటప్పుడు మోటార్‌బైక్ మోడ్ పెట్టుకోండి. కారు మోడ్‌లో ఉంటే నేరుగా ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కించేస్తుంది, అక్కడ బైకులకు ప్రవేశం లేదు. ఇంకో తికమక కూడా ఉంది. 2025 జులై 1న 63 రాష్ట్రాలను 34గా కలిపేశారు. హా జాంగ్ ఇప్పుడు తుయెన్ క్వాంగ్‌లో ఉంది, క్వాంగ్ బిన్ క్వాంగ్ ట్రీలో కలిసింది, కోన్ తుమ్ క్వాంగ్ ఙాయ్‌లోకి వెళ్లింది. బోర్డు మీద ఒక పేరు, మ్యాపులో ఇంకో పేరు కనిపిస్తే కంగారు పడకండి. జనం ఇంకా పాత పేర్లే వాడుతున్నారు, నేనూ ఇక్కడ వాటినే వాడుతున్నాను.

అడుగు 4: బండి

సొంత బండిని సరిహద్దు దాటించి తీసుకెళ్లడానికి ముందస్తు అనుమతులు, వాటి వెనక బోలెడు తతంగం ఉంటాయి. అక్కడే అద్దెకు తీసుకోవడమో కొనుక్కోవడమో తేలిక.

ఏ బండి అయినా ఒక్క ప్రశ్న అడగండి: ఆగిపోతే కొండ మీది పల్లెలో దీన్ని ఎవరు బాగుచేస్తారు? హోండా వేవ్, హోండా బ్లేడ్, యమహా సిరియస్ లాంటి 110 సీసీ బళ్లను ఆ దేశంలో ప్రతి మెకానిక్కూ కళ్లు మూసుకుని విప్పుతాడు, సామాను ఎక్కడైనా దొరుకుతుంది. వీటికి క్లచ్ లివర్ ఉండదు, కాలితో గేరు వేస్తే చాలు. ఒక్క మనిషికి, ఒక బ్యాగుకు ఇవి సరిపోతాయి. వేవ్ ట్యాంకు 3.7 లీటర్లే కాబట్టి ట్యాంకుకు 150 కిలోమీటర్లని లెక్కేసుకుంటే నిశ్చింత. ఇద్దరు వెళ్తున్నా, మట్టిదార్లలోకి దిగాలనుకున్నా హోండా ఎక్స్‌ఆర్ 150 మంచిది. పూర్తి ఆటోమేటిక్ స్కూటర్‌ను మాత్రం ఈ ప్రయాణానికి నేను ఎంచుకోను. పది కిలోమీటర్ల దిగుడు కనుమలో ఇంజిన్ పట్టు తక్కువ, బ్రేకులే మోయాలి, అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. చవగ్గా దొరికే పాత "విన్" బళ్ల జోలికి కూడా పోకండి. వాటిలో చాలావరకు హోండా విన్‌కు నకళ్లే, ఎన్నో చేతులు మారి వచ్చినవే.

నెల రోజుల లోపు ప్రయాణమైతే అద్దెకే నా ఓటు. హనోయ్‌లో తీసుకుని హో చి మిన్ సిటీలో అప్పగించే పద్ధతి చాలా షాపుల్లో ఉంది. దారిలో పాడైతే ఫోన్ చేసే దిక్కుంటుంది. బండి తీసుకునేముందు చుట్టూ తిరిగి వీడియో తీసుకోండి, గీతలన్నీ కనిపించాలి. పాస్‌పోర్టు తాకట్టు పెట్టమంటే వద్దనండి. రాత్రి బస చేసిన ప్రతిచోటా మీకది కావాలి. డబ్బు డిపాజిట్‌గా ఇవ్వండి.

కొనేటట్టయితే మొట్టమొదట చూడాల్సింది రిజిస్ట్రేషన్ కార్డు. ప్రయాణికులు దాన్ని బ్లూ కార్డు అంటారు. అందులో పాత యజమాని పేరే ఉంటుంది, విదేశీయుల మధ్య అలాగే చేతులు మారుతుంది. కార్డు మీది ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం కలవాలి. కలవకపోతే అక్కడితో వదిలేయండి. ఆ తర్వాత ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడండి. మీరు వచ్చేలోపే వేడెక్కించి పెట్టారంటే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కాదన్న అనుమానం పెట్టుకోండి. చైన్, స్ప్రాకెట్ పళ్లు, చక్రాల ఊచలు, బ్రేకులు, లైట్లు, హారన్ చూసి అరగంట నడపండి. తప్పనిసరి థర్డ్ పార్టీ బీమా కాగితం లేకపోతే పెట్రోలు బంకుల్లో కూడా అమ్ముతారు, పన్ను కలిపి ఏడాదికి 66,000 డాంగ్‌లు.

అడుగు 5: ఏం మోసుకెళ్లాలి

తక్కువ. వెనక క్యారియర్ మీద అడ్డంగా ఒక బ్యాగు, అంతే. వీపు మీద బరువు పెట్టుకుంటే మూడో రోజుకు నడుము పట్టేస్తుంది.

హెల్మెట్ మీద మాత్రం పిసినారితనం చేయకండి. 2007 డిసెంబర్ 15 నుంచి అక్కడ హెల్మెట్ తప్పనిసరి, కానీ రోడ్డు పక్కన అమ్మే టోపీ లాంటి పల్చటి డొప్పలు ఏ తలనూ కాపాడవు. ముఖం మొత్తం కప్పే హెల్మెట్ వెంట తీసుకెళ్లండి. చేతికి గ్లౌజులు, చీలమండ కప్పే బూట్లు, మోకాళ్లకు మోచేతులకు గార్డులు పెట్టుకోండి. రెయిన్‌కోటు ప్యాంటు, చొక్కా విడివిడిగా ఉండేది కొనండి. అక్కడివాళ్లు వేసుకునే దుప్పటి లాంటి పోంచో గాలికి లేచి చక్రంలోకి పోగలదు. ఒక ట్యూబు, స్పార్క్ ప్లగ్గు, చైన్ నూనె, రెండు లీటర్ల ఖాళీ సీసా, సామాను కట్టే రబ్బరు తాళ్లు చాలు. మిగతావి ఆ దేశంలో మూలమూలనా దొరుకుతాయి.

అడుగు 6: దారి

ఇక్కడ తీసుకునే నిర్ణయమే ప్రయాణానికి ప్రాణం. నేషనల్ హైవే 1 దేశం మొత్తాన్ని కలుపుతూ తీరం వెంట పోతుంది. మ్యాపులో అదే తిన్నగా, సులువుగా కనిపిస్తుంది. దాని మీద బతుకు ఇలా ఉంటుంది: మీరు కుడి అంచున వెళ్తుంటారు, ఎదురుగా వచ్చే లారీని దాటడానికి ఒక స్లీపర్ బస్సు మీ వైపుకు వచ్చేస్తుంది, లైట్లు కొడుతుంది గానీ వేగం తగ్గించదు. రోడ్డు దిగి మట్టిలోకి పోవాల్సింది మీరే. రోజంతా ఇదే! ఆ రోడ్డు మీద గడిపే ప్రతి కిలోమీటరూ తప్పక గడిపేదే అయి ఉండాలి.

దీనికి జవాబు హో చి మిన్ రోడ్డు. చైనా సరిహద్దు పక్క కావో బాంగ్‌లోని పాక్ బో దగ్గర మొదలై, దక్షిణ కొస డాత్ ముయిలో ముగుస్తుంది. యుద్ధకాలంలో సైన్యం, సరుకులు కదిలిన అడవి దారుల ఆనవాలు మీద చాలాచోట్ల దీన్ని వేశారు. మధ్య భాగమంతా కొండలు, కాఫీ తోటలు, అడవి. లారీలు తక్కువ. నేను చెప్పే దారికి ఇదే వెన్నెముక.

ఉత్తరం: హనోయ్ నుంచి హా జాంగ్ 300 కిలోమీటర్లు, రెండు రోజులు పెట్టండి. అక్కణ్నుంచి క్వాన్ బా, యెన్ మిన్, డోంగ్ వాన్, మెయో వాక్ మీదుగా సున్నపురాతి పీఠభూమి. 2010 నుంచి ఇది యునెస్కో జియోపార్క్. డోంగ్ వాన్, మెయో వాక్‌ల మధ్య మా పీ లెంగ్ కనుమ వస్తుంది, కింద చాలా లోతున న్యో క్వే నది ఆకుపచ్చగా కనిపిస్తుంది. 1959 నుంచి 1965 దాకా వేసిన ఈ రోడ్డుకు హాన్ ఫుక్ అని పేరు, అంటే ఆనందం. యువకులు కొండకు తాళ్లతో వేలాడుతూ నెలల తరబడి చేత్తో రాయి తొలిచారు. డోంగ్ వాన్ నుంచి మెయో వాక్ దాకా ఇరవై కిలోమీటర్లే గానీ సగం రోజు పెట్టుకోండి. సరిహద్దు ప్రాంతం కాబట్టి విదేశీయులకు అనుమతి పత్రం ఉండాలి, హా జాంగ్ ఊళ్లోని హోటల్‌వాళ్లను అడిగితే చెబుతారు. మెయో వాక్ నుంచి బావో లాక్ మీదుగా కావో బాంగ్, అక్కడ పాక్ బో చూసి బా బే సరస్సు వైపు దిగండి. హనోయ్‌ని తప్పించి మై చౌ లోయకు చేరండి.

మధ్య భాగం: మై చౌ నుంచి పూ లువాంగ్ అడవి అంచున రోడ్ 15 పట్టుకుని, హో చి మిన్ రోడ్డులో కలిసి, టాన్ కీ, హువాంగ్ ఖే మీదుగా ఫోంగ్ న్యా. ఇక్కడ కనీసం రెండు రాత్రులు ఆగండి. ఫోంగ్ న్యా – కే బాంగ్ జాతీయ పార్కు 2003లో యునెస్కో జాబితాలోకి వచ్చింది, ప్రపంచంలోకెల్లా పెద్ద గుహగా పేరున్న సాన్ డోంగ్ ఇందులోనే ఉంది.

ఫోంగ్ న్యా తర్వాత రోడ్డు రెండుగా చీలుతుంది. తూర్పు కొమ్మ మామూలు రోడ్డు. పశ్చిమ కొమ్మ లావోస్ సరిహద్దు వెంట ఖే సాన్ దాకా సుమారు 230 కిలోమీటర్లు, ఈ దేశంలో నేను అందరికంటే ముందు చూడమనే రోడ్డు ఇదే. సన్నటి కాంక్రీటు దారి, రెండువైపులా అడవి, గంటసేపు ఒక్క బండి కూడా ఎదురుకాకపోవచ్చు. అందుకే దీనికి ప్రత్యేకంగా సిద్ధపడాలి. ఫోంగ్ న్యాలో ట్యాంకు నిండా పోయించుకుని, సీసాలో రెండు లీటర్లు అదనంగా పెట్టుకోండి. మధ్యలో పెట్రోలు బంకులు దాదాపు ఉండవు, పల్లెల్లో గాజు సీసాల్లో అమ్మేది దొరికితే దొరికినట్టు. ఫోన్ సిగ్నల్ పోతుంది కాబట్టి బస చేసిన చోట ఎక్కడికి వెళ్తున్నదీ చెప్పి, పొద్దున్నే ఏడింటికల్లా కదలండి. చెట్ల నీడ పడే మలుపుల్లో కాంక్రీటు మీద నాచు పడుతుంది, వాన వెలిసిన రోజు అక్కడ సబ్బు మీద నడిపినట్టుంటుంది. ముందు బ్రేకు ముట్టకండి, మలుపుకు ముందే గేరు తగ్గించండి. రెండు రోజుల నుంచి గట్టిగా వాన పడుతుంటే ఈ కొమ్మ వదిలేసి తూర్పు వైపు వెళ్లండి.

ఖే సాన్‌లో 1968 యుద్ధం జరిగిన టా కోన్ విమానతలం ఇప్పుడు మ్యూజియం. అక్కణ్నుంచి డా క్రోంగ్ వంతెన, ఆ లూయి మీదుగా హ్యూకి దిగండి. హ్యూ నుంచి డా నాంగ్‌కు హై వాన్ కనుమ. 2005లో సొరంగం తెరవడంతో లారీలు, బస్సులు చాలావరకు అటు పోయాయి. సొరంగంలో బైకులు నడపనివ్వరు, కాబట్టి సుమారు ఇరవై కిలోమీటర్ల పాత కొండదారి మీకు దాదాపు ఖాళీగా దొరుకుతుంది. శిఖరం 496 మీటర్లే, కానీ ఉత్తరం వైపు మబ్బు, దక్షిణం వైపు ఎండ ఉండటం ఇక్కడ మామూలు.

ఎత్తుభూములు, తీరం: హోయి ఆన్ నుంచి మళ్లీ కొండెక్కి థాన్ మీ, ఖామ్ డుక్, లో సో కనుమ మీదుగా కోన్ తుమ్. తర్వాత ప్లేకు, బువాన్ మా థువోట్ వైపు రోడ్ 14 మీద లారీలు బాగా ఉంటాయి. తీరిక ఉంటే ట్రువాంగ్ సాన్ డోంగ్ అనే కొత్త కొండరోడ్డు పట్టుకోండి, థాన్ మీ నుంచి డా లాట్ దాకా సుమారు 670 కిలోమీటర్లు. వానల తర్వాత అక్కడక్కడా తెగి ఉంటుంది కాబట్టి స్థానికుల్ని అడిగి కదలండి. లేదంటే బువాన్ మా థువోట్‌లో కాఫీ తాగి లాక్ సరస్సు మీదుగా డా లాట్ చేరొచ్చు. డా లాట్ 1,500 మీటర్ల ఎత్తున ఉంది, అక్కణ్నుంచి న్యా ట్రాంగ్‌కు దిగే ఖాన్ లే కనుమ ముప్ఫై కిలోమీటర్ల పైనే ఉంటుంది. మధ్యాహ్నం తర్వాత పొగమంచు కమ్ముతుంది, పొద్దున దిగండి.

న్యా ట్రాంగ్ నుంచి విన్ హీ, ఫాన్ రాంగ్, ముయి నే దాకా సముద్రానికి ఆనుకుని చిన్న రోడ్లున్నాయి. అక్కణ్నుంచి సైగాన్ (హో చి మిన్ సిటీ పాత పేరు) లోపలికి పోవడమే పెద్ద టెన్షన్. దానికి ఒక చక్కటి ఉపాయం: లా గీ మీదుగా వుంగ్ తావ్ వచ్చి, అక్కడ బండితో సహా ఫెర్రీ ఎక్కితే అరగంటలో కాన్ జోలో దిగుతారు. మడ అడవుల మధ్య తిన్నటి రోడ్డు, చివర బిన్ ఖాన్ దగ్గర ఇంకో చిన్న ఫెర్రీ, దిగితే నగరం అంచు. కంటెయినర్ లారీల రోడ్ 51 మొత్తం తప్పిపోతుంది.

మెకాంగ్ డెల్టా: సైగాన్‌లో ఆగిపోకండి. మీ థో, బెన్ చే, ట్రా విన్, సోక్ ట్రాంగ్ మీదుగా వెళ్తే నేషనల్ హైవే 1 చాలావరకు తప్పుతుంది. తర్వాత బాక్ లియూ, కా మావ్. అక్కణ్నుంచి నామ్ కాన్ దాటి వంద కిలోమీటర్లకు పైగా వెళ్తే డాత్ ముయి, ప్రధాన భూభాగపు దక్షిణ కొస. హో చి మిన్ రోడ్డు అక్కడ 2,436వ కిలోమీటరు రాయి దగ్గర ముగుస్తుంది.

అడుగు 7: రోడ్డు మీద

వాహనాలు కుడివైపు నడుస్తాయి. ఎడమవైపు నడపడం అలవాటైనవాళ్లకు ట్రాఫిక్‌లో ఇబ్బంది ఉండదు, ముందువాళ్ల వెనక పోతే చాలు. ప్రమాదమంతా ఖాళీ రోడ్డు మీద, పొద్దున బంకు లోంచి బయటికి వచ్చే క్షణంలో ఉంటుంది. చెయ్యి పాత అలవాటుకే తిప్పేస్తుంది. బండి కదిలించే ప్రతిసారీ "కుడి" అని పైకే అనుకోండి.

రోజుకు 150 నుంచి 200 కిలోమీటర్లు, కొండల్లో 120 చాలు. చీకటి పడేలోపు దిగిపోవాలి. రాత్రి గేదెలు, లైట్లు లేని బళ్లు, ఎగుడుదిగుడు గుంతలు ఏవీ కనపడవు. కోతల కాలంలో రోడ్డు మీద సగం దాకా వడ్లు, మొక్కజొన్నలు ఆరబోస్తారు, వాటి మీద చక్రం జారుతుంది. హారన్ అక్కడ తిట్టు కాదు, "నేనున్నాను" అని చెప్పడం. ప్రతి గుడ్డి మలుపులో మీరూ కొట్టండి.

వేగపరిమితి ఊళ్లలో 50, డివైడర్ ఉంటే 60. ఊరు దాటాక 60, డివైడర్ ఉంటే 70. ఊరు మొదలయ్యేచోట ఇళ్ల బొమ్మ బోర్డు ఉంటుంది, పోలీసుల స్పీడ్ గన్లు కూడా ఎక్కువగా ఆ బోర్డు దాటాకే ఉంటాయి. రెడ్ లైట్ దాటితే 40 లక్షల నుంచి 60 లక్షల డాంగ్‌లు. తాగి నడపడంలో 2020 నుంచి సడలింపు సున్నా, ఒక్క బీరు తాగినా నేరమే.

అడుగు 8: బండిని చూసుకోవడం

ఇంజిన్ ఆయిల్ వెయ్యి కిలోమీటర్లకోసారి మార్పించండి, పాత బండైతే ఇంకా ముందే. రోజూ పొద్దున చైన్ బిగువు, టైర్ల గాలి, బ్రేకులు చూడటానికి ఐదు నిమిషాలు చాలు.

రిపేరు షాపును సువా సే అంటారు. కడిగే చోటును రువా సే అంటారు, రెండు బోర్డులూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి రాత ఫొటో ఫోన్‌లో పెట్టుకోండి. పంక్చర్ అయితే నెమ్మదిగా తోసుకుంటూ పొండి, ఎక్కువ దూరం పోకముందే ఎవరో ఒకరు కనిపిస్తారు. అక్కడి పని చూడముచ్చటగా ఉంటుంది. చక్రం ఊడదీయకుండానే టైరు ఒక అంచును రెండు ఇనుప పట్టీలతో పైకి లేపి, ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి నీళ్ల బేసిన్‌లో తిప్పుతారు. బుడగలు వచ్చినచోట గుర్తుపెట్టి, గరుకు కాగితంతో రుద్ది, ప్యాచ్ వేసి నొక్కుతారు. ట్యూబు మళ్లీ లోపల పెట్టేముందు టైరు లోపల వేలితో తడిమి చూడమని సైగ చేయండి. మేకు అక్కడే ఉండిపోతే రెండు కిలోమీటర్లలో మళ్లీ అదే కథ.

అడుగు 9: బస, తిండి

ఊరు ఎంత చిన్నదైనా న్యా ఙీ అని బోర్డు ఉన్న చిన్న లాడ్జి ఉంటుంది. రాత్రికి రెండు మూడు లక్షల డాంగ్‌లు, బండిని చాలాచోట్ల హాల్లోకే ఎక్కించేస్తారు. పాస్‌పోర్టు అడిగి వివరాలు నమోదు చేసుకుంటారు, పొద్దున వెళ్లేటప్పుడు తిరిగి అడిగి తీసుకోండి.

శాకాహారులు చాయ్ అన్న మాట గుర్తుపెట్టుకోండి, బౌద్ధ శాకాహారం అని అర్థం. కామ్ చాయ్ దుకాణాలు పట్నాల్లో బాగానే ఉంటాయి. కొండల్లో దొరకవు కాబట్టి అరటిపళ్లు, వేరుశనగలు సంచిలో ఉండాలి. మధ్యాహ్నం ఎండలో దక్షిణాది ఊయల కాఫీ కొట్లను వదలకండి. రోడ్డు పక్కన తాటాకుల పందిరి, కింద వరసగా వలల ఊయలలు. ఒక ఐస్ కాఫీయో చెరకు రసమో చెప్పి పడుకుంటే గంటసేపు ఎవరూ లేపరు. లారీ డ్రైవర్లూ అక్కడే నిద్రపోతారు.

అడుగు 10: ప్రమాదం జరిగితే

పోలీసు 113, అగ్నిమాపకం 114, అంబులెన్సు 115. కొండల్లో అంబులెన్సు రావడానికి చాలా సమయం పడుతుంది, దగ్గర్లో ఉన్న కారునో వ్యానునో ఆపి జిల్లా ఆసుపత్రికి చేరడమే మేలు. చిన్న దెబ్బలకు గాయం కడగడానికి సెలైన్, కట్టు గుడ్డ, నొప్పి మాత్రలు చేతికందేచోట ఉంచుకోండి. పెద్ద గాయమైతే హనోయ్, డా నాంగ్, సైగాన్‌లలోని పెద్ద ఆసుపత్రులకు మారాల్సి వస్తుంది, ఇన్సూరెన్స్ అత్యవసర నంబరు హెల్మెట్ లోపల రాసి అంటించండి. అవతలి మనిషికి దెబ్బ తగిలితే అక్కడే ఆగండి, గొంతు పెంచకండి, ఇంగ్లీషు వచ్చిన లాడ్జి మనిషికో అద్దె షాపుకో ఫోన్ చేసి మాట్లాడించండి.

అడుగు 11: బండిని వదిలించుకోవడం

డాత్ ముయి నుంచి సైగాన్‌కు వెనక్కి రావడానికి రెండు రోజులు పడుతుంది. కొన్న బండి అమ్మాలంటే చేతిలో ఇంకో నాలుగైదు రోజులు ఉంచుకోండి. రేపు విమానం ఉందని తెలిస్తే బేరం మీ చేతిలో ఉండదు. బండి కడిగించి, ఆయిల్ మార్పించి, బ్లూ కార్డు ఫొటోతో ప్రకటన పెట్టండి. ఉత్తరానికి వెళ్లబోయే ప్రయాణికులే మీ కొనుగోలుదార్లు.

బండిని హనోయ్‌కి తిరిగి పంపాలంటే రైల్వే పార్సిల్ ఉంది. స్టేషన్‌లో ట్యాంకులోని పెట్రోలు తీయించి, బండిని అట్టలతో చుట్టి ఎక్కిస్తారు. అది మీరెక్కిన రైల్లోనే రాదు, రోజుల తేడాతో వస్తుంది. రసీదు, బ్లూ కార్డు రెండూ మీ దగ్గరే ఉంచుకోండి, ఆ రెండూ చూపిస్తేనే అవతల బండి ఇస్తారు. అక్కడ స్టేషన్ బయట సీసా పెట్రోలు అమ్మేవాళ్లు ఉంటారు, బంకు దాకా సరిపడా ఒక లీటరు పోయించుకుంటే చాలు.